మూడు పంటలు, మూడు వృత్తములు

నిజాంసాగరు కాలువల క్రింద, బోధను ప్రాంతమున చెఱకు ఒక్కటే పంట కాదు. వరి కలదు, నిజామాబాదు గంజుకు పేరు తెచ్చిన పసుపు కలదు. ఒకే రైతు రెండు మూడు పంటలు వేయుటయు కలదు. బోధనులోని చక్కెర కర్మాగారము 2015 లో మూతపడినప్పుడు అడుగవలసిన ప్రశ్న యొకటి యున్నది: వరిగాని పసుపుగాని లేక, చెఱకునే నమ్ముకొన్న రైతులెందరు? దీనిని బొమ్మగా చూపుటకు ఆంగ్ల తార్కికుడు జాన్ వెన్ 1880 లో వివరించిన పటములు అనుకూలమని తోచును. అయితే సంఖ్యకు తగిన వైశాల్యముతో గీయబూనినచో చిక్కు మొదలగును.

లెక్క కొఱకు ఒక ఊరిని ఊహింతము. వరి వేయువారు 64 మంది, చెఱకు వేయువారు 36, రెండును వేయువారు 18. వ్యాసార్ధములను 64, 36 నిష్పత్తిలో తీసికొనరాదు; అట్లు చేసినచో వరి వృత్తము చెఱకు వృత్తమునకు మూడు రెట్లు మించును. వైశాల్యము వ్యాసార్ధపు వర్గమును బట్టి పెరుగును గనుక వర్గమూలములు తీయవలెను: 8, 6. కాగితముపై 4 సెం.మీ., 3 సెం.మీ. చాలును.

ఇక ఉమ్మడి భాగము. 18 అనగా 36 లో సగము. చిన్న వృత్తపు కేంద్రమును పెద్ద వృత్తపు పరిధిపై నుంచిన సగము లోపల పడునని విద్యార్థులు తొందరపడుదురు. పడదు, పరిధి వంగియున్నది గదా! లోపలికి వచ్చునది 15 మందికి సరిపడు భాగమే. కేంద్రముల దూరమును 4 సెం.మీ. నుండి 3.6 కు తగ్గించినచో 18 కుదురును. ఈ దూరమును నేరుగా రాబట్టు సులభ సూత్రము లేదు. ఊహించి, లెక్కించి, సవరించుకొనుచు పోవలెను. గ్రాఫు కాగితముపై గడులు లెక్కించినను సరియే. ఉమ్మడి భాగము 14 చదరపు సెంటీమీటర్లకు కొంచెము పైగా రావలెను.

ఇప్పుడు పసుపు వేయువారు 16 మంది. వారిలో వరి కూడ వేయువారు 8, చెఱకు కూడ వేయువారు 8 అనుకొందము. దీనికి 2 సెం.మీ. వృత్తము. తక్కిన రెండు దూరములును వెనుకటి రీతినే దొరకును. కాని మూడు దూరములు తెలిసినంతనే త్రిభుజము స్థిరపడును, కేంద్రములు కదలవు. మూడు పంటలవారి భాగము మన ప్రమేయము లేకయే ఏర్పడును: సుమారు 5 మంది. ఊరిలో అట్టివారు ఒక్కరును లేకపోవచ్చును, 8 మంది ఉండవచ్చును. పటము మాత్రము 5 అనియే చెప్పును. మన ప్రశ్నకు జవాబు దీనిపైననే ఆధారపడియున్నది. 36 లో 18, 8 తీసివేసి, రెండు మార్లు పోయిన మూడు పంటలవారిని ఒకమారు తిరిగి కలుపవలెను. చెఱకునే నమ్ముకొన్నవారు నిజమునకు 10 మందియో, 18 మందియో కావచ్చును. పటములో 15.

కారణము సులభము. గీయువాని చేతిలోనివి మూడు వ్యాసార్ధములు, మూడు దూరములు, వెరసి ఆరు. నింపవలసిన భాగములు ఏడు. 2014 లో మికల్లెఫ్, రోడ్జర్స్ అను పరిశోధకులు వృత్తములకు బదులు దీర్ఘవృత్తములు గీయు కంప్యూటరు పద్ధతిని ప్రకటించిరి. దానితో చాల సందర్భములలో ఏడును కుదురును. తరగతిలో అంత సాధనము లేనిచో, ప్రతి భాగమునను సంఖ్యను వ్రాసి, వైశాల్యమును నమ్మవద్దని చెప్పవలెను.

నాలుగవ పంటగా సోయాను చేర్చినచో వృత్తములు అసలే పనికిరావు. నాలుగు వృత్తములను ఎట్లు గీచినను తలము 14 భాగములకు మించదు, కావలసినవి 16. వెన్ సైతము నాలుగింటికి దీర్ఘవృత్తములనే వాడెను. వైశాల్యముల జోలికి మాత్రము ఆయన పోలేదు.