నాడులపై పనిచేసే విషాలు

కృష్ణా తుంగభద్రల నడుమనున్న గద్వాల నడిగడ్డలోను, వనపర్తి పల్లిచేలలోను, నాగర్‌కర్నూలు నుండి అచ్చంపేట, అమ్రాబాదుల మీదుగా నల్లమల దాకాను, వానకాలపు రాత్రులలో ఒక ప్రమాదం చప్పుడు లేకుండా వస్తుంది. పగలంతా చేనులో పనిచేసిన మనిషి నేలమీద చాప పరచుకొని పడుకొంటాడు. అర్ధరాత్రి దాటిన తరువాత కడుపునొప్పితో మేలుకొంటాడు. తిన్నది అరగలేదనుకొని ఇంటివారు వాము నమిలిస్తారు. తెల్లవారేసరికి కనురెప్పలు వాలిపోతాయి, గుటక పడదు, మాట ముద్దగా వస్తుంది. ఒళ్లంతా వెదికినా వాపు ఉండదు. కాటు గుర్తు సైతం కనిపించకపోవచ్చు. రాత్రి పక్కలోకి వచ్చి పోయినది కట్లపాము.

నాగుపాము కరచినచోట నొప్పి, వాపు ఉంటాయి. రక్తపింజర విషం రక్తం గడ్డకట్టే గుణాన్నే పాడుచేస్తుంది. కట్లపాము విషం మాంసం జోలికి గాని, రక్తం జోలికి గాని అంతగా పోదు. దాని గురి వేరు. మెదడునుండి బయలుదేరిన ఆజ్ఞ కండరానికి చేరే చోటును మాత్రమే అది పట్టుకొంటుంది. కనుకనే నొప్పి తెలియదు. అసలు భయమంతా ఈ నొప్పి లేకపోవడంలోనే ఉన్నది.

నాడి కండరానికి అతుక్కొని ఉంటుందని చాలామంది అనుకొంటారు. అలా ఉండదు. రెంటి నడుమ మిల్లీమీటరులో సుమారు 20,000వ వంతు సందు ఉన్నది. నాడి వెంట విద్యుత్తుగా వచ్చిన ఆజ్ఞ ఈ సందు దాటడానికి రసాయన రూపం ధరిస్తుంది. నాడీవార్త ఇలా రసాయనం ద్వారా చేరుతుందని 1921లో ఆటో లోవీ అనే శాస్త్రజ్ఞుడు రెండు కప్పగుండెలతో చూపించాడు. ఒక గుండెకు పోయే నాడిని ప్రేరేపించి, ఆ గుండె నెమ్మదించగానే దాని చుట్టూ ఉన్న ద్రవాన్ని రెండవ గుండెపై పోశాడు, అదికూడా నెమ్మదించింది. ఆ ద్రవంలోని పదార్థమే ఎసిటైల్ కోలీన్. మన కండరాలకు ఆజ్ఞ మోసేదీ ఇదే. ఈ పరిశోధనలకు లోవీకి, హెన్రీ డేల్‌కు కలిపి 1936లో నోబెల్ బహుమతి లభించింది.

కృష్ణలో పుట్టి నడవడం చూసినవారికి ఈ సంగతి సులభంగా బోధపడుతుంది. నాడి కొన ఒక ఒడ్డు, కండరం మరొక ఒడ్డు. నాడికొనలో ఎసిటైల్ కోలీన్ నిండిన అతి చిన్న తిత్తులు సిద్ధంగా ఉంటాయి. ఆజ్ఞ రాగానే అవి పగిలి, సరుకు అవతలి ఒడ్డుకు చేరుతుంది. అక్కడి గ్రాహకాలనే రేవులలో దిగగానే కండరం ముడుచుకొంటుంది. వెంటనే ఒక ఎంజైము ఎసిటైల్ కోలీన్‌ను విరుగగొట్టి సందును శుభ్రం చేస్తుంది. లేకుంటే పట్టిన పిడికిలి విడిచే వీలుండదు గదా!

నాగుపాము విషంలోని ముఖ్యమైన నాడీవిషం అవతలి ఒడ్డుకు పోయి రేవులను ఆక్రమిస్తుంది. సరుకు వస్తున్నది గాని దిగడానికి చోటు లేదు. కట్లపాము రెండు ఒడ్లనూ చెడగొడుతుంది. రేవులను మూసే విషంతోపాటు దానిలో ఇవతలి నాడికొనలోకి చొరబడి, తిత్తులను ఖాళీ చేయించి, ఆ కొననే శిథిలం చేసే విషం కూడా ఉన్నది. నాగుపాము మూసిన రేవు తిరిగి తెరచుకోగలదు. కూలిన నాడికొన మాత్రం మళ్లీ పెరగాలి. దానికి రోజులు, ఒక్కొక్కప్పుడు వారాలు పడుతుంది.

ఈ భేదం వైద్యంలో స్పష్టంగా కనిపిస్తుంది. నాగుపాము కాటుకు విరుగుడు మందుతోపాటు నియోస్టిగ్మిన్ అనే మందు ఇస్తారు. అది ఎసిటైల్ కోలీన్‌ను విరిచే ఎంజైమును ఆపుతుంది. సరుకు సందులో పోగుపడి, దొరికిన రేవులో దిగుతుంది. వాలిన రెప్పలు లేస్తాయి. ఐతే ఆ పోగుబడి గుండెను నెమ్మదింపజేసి, నోట నీరూరిస్తుంది. దాన్ని ఆపడానికి ముందుగా ఇచ్చే మందు అట్రోపిన్. మన పెంటకుప్పలమీద మొలిచే ఉమ్మెత్తలోనూ ఈ అట్రోపిన్ ఉన్నది. ఉమ్మెత్తగింజలు తిన్న పిల్లలకు నోరెండి, కంటిపాపలు పెద్దవై, సంధిప్రేలాపన కలుగుతుంది. ఆ పదార్థమే కొలతప్రకారం ఇస్తే పాముకాటు తిన్నవానికి తోడవుతుంది. పత్తిచేలలో చల్లే కొన్ని పురుగుమందులు ఒంట్లోకి పోయినప్పుడు కూడా అట్రోపినే ఆదుకొంటుంది, ఎందుకంటే అవి చెడగొట్టేది పైన చెప్పిన ఎంజైమునే.

నల్లమల అడవిలో దీనికి పూర్తిగా ఎదురుదిక్కున పనిచేసే విషం మరొకటి ఉన్నది. విషముష్టి పండు చూడడానికి చిన్న నారింజలా ఉంటుంది. లోపల బొత్తాముల వంటి బల్లపరుపు గింజలు. ఈ కుటుంబపు గింజలనుండి 1818లో పెల్లెటియే, కవాంటూ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞులు స్ట్రిక్నిన్‌ను వేరుచేశారు. దాని అణునిర్మాణం ఎంత చిక్కుదంటే, ప్రయోగశాలలో దాన్ని నిర్మించడం 1954లో గాని వుడ్‌వర్డ్‌కు సాధ్యం కాలేదు. వెన్నుపాములో కండరాలను సడలించమని చెప్పే వార్తలుంటాయి. గ్లైసిన్ అనే పదార్థం మోసే ఆ వార్తలను స్ట్రిక్నిన్ అడ్డుకొంటుంది. కళ్లెం తెగిన గుర్రంలా కండరాలన్నీ ఒక్కసారి బిగుసుకొంటాయి; ఒళ్లు విల్లులా వంగుతుంది. కట్లపాము ఛాతీకండరాలను సడలించి ఊపిరి ఆపితే, విషముష్టి వాటిని బిగించి ఆపుతుంది. బురదనీటిని తేర్చడానికి కుండలో అరగదీసే చిల్లగింజ ఈ విషముష్టికి దగ్గరి చుట్టమే. దానిలో మాత్రం స్ట్రిక్నిన్ లేదు.

భారతదేశంలో 2000 నుండి 2019 వరకు పాముకాటువల్ల సుమారు 12 లక్షలమంది మరణించారని 2020లో ప్రకటించిన ఒక అధ్యయనం అంచనా వేసింది. ఎక్కువ మరణాలు జరిగిన రాష్ట్రాలలో తెలంగాణతో కూడిన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. విరుగుడు మందు కొరత ఒక్కటే కారణం కాదు. పసరు పోయడం, మంత్రం వేయించడం, కోసి రక్తం తీయడం వంటి పనులలో పోయే గంటలు నాడికొనలు కూలే గంటలే. గుర్రాలకు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజరల విషాన్ని కొద్దికొద్దిగా ఎక్కించి, వాటి రక్తంనుండి విరుగుడు తీస్తారు. ఆ విషంలో పెద్దభాగం తమిళనాడులో ఇరుళరుల సహకార సంఘం పట్టిన పాములనుండి వస్తున్నది. ఈ మందు రక్తంలో తిరుగుతున్న విషాన్ని పట్టుకోగలదు. అప్పటికే కూలిన నాడికొనను నిలబెట్టలేదు. కావున కాటు గుర్తు కనిపించకున్నా, రాత్రి నేలమీద పడుకొన్నవారికి కడుపునొప్పితోపాటు రెప్పలు వాలితే, ఆ క్షణమే కృత్రిమశ్వాస సౌకర్యమున్న ఆసుపత్రికి చేర్చాలి.

అక్కడ శ్వాసయంత్రంపై పడుకోబెట్టిన రోగిని చూస్తే ప్రాణం పోయిందనే అనిపిస్తుంది. రెప్ప ఎత్తడు, వేలు కదల్చడు. కంటిపాపపై దీపం వేసినా కొందరిలో చలనముండదు. మెదడు మరణించిందని భ్రమపడి యంత్రం తీయించబోయే బంధువులుంటారు. కాని కట్లపాము విషం పనిచేసినది మెదడుమీద కాదు. ఆ మనిషికి పక్కన మాట్లాడుకొనేది వినిపిస్తూ ఉండవచ్చు. రోజుల తరబడి యంత్రం ఊపిరి పోయగా, కొత్త నాడికొనలు మొలిచి, మొదట వేలు కదిపి, తరువాత తమ ఊపిరి తామే తీసుకొని ఇంటికి వెళ్లినవారి వృత్తాంతాలు వైద్యగ్రంథాలలో ఉన్నాయి.