చేతికర్ర పిడిలో ఏనుగు పన్ను

ఈసారి గోడపత్రికకు నేను ఎంచుకున్న విషయం దంతపు పిడి ఉన్న చేతికర్ర. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో రకరకాల చేతికర్రలు, దంతపు వస్తువులు ఉన్నాయి. అలాంటివి చూస్తే "అబ్బ, ఎంత బాగుందో!" అంటాం. అది దేనితో, ఎట్లా చేశారో కూడా తెలుసుకోవాలి కదా!

సుమారు 150 ఏళ్ల కిందట ఇంగ్లండు, ఫ్రాన్సు దేశాల్లో పెద్దమనుషులు కర్ర పట్టుకుని వీధిలోకి వచ్చేవాళ్లు. కాళ్ల నొప్పులకు కాదు, హోదా కోసం. కర్ర నల్లచేవది, పిడి తెల్లని దంతం. దాని మీద కుక్క తల, గుర్రం తల, సింహం తల చెక్కేవాళ్లు. కళ్లకు గాజుపూసలు పొదిగేవాళ్లు. ఫ్రాన్సులోని దియెప్ అనే రేవు పట్టణం దంతం పనికి పేరు పొందింది.

దంతమే ఎందుకు?

చాలామంది దంతం అంటే ఎద్దు కొమ్ములాంటిది అనుకుంటారు. కాదు. ఏనుగు పై దవడలోని ముందు పన్నే అట్లా బయటికి పెరుగుతుంది. చెక్కకు ఉన్నట్టు దానికి పీచు ఉండదు. అందుకే కుక్క మీసాలంత సన్నని గీతలు కూడా చెక్కవచ్చు. రుద్దితే నిగనిగలాడుతుంది.

పిడి ఎట్లా చేసేవాళ్లు?

దంతం మొదలు బోలుగా, కొన గట్టిగా ఉంటుంది. పిడికి గట్టి భాగం కావాలి. రంపంతో ముక్క కోసి, ఆకురాయితో రాచి, సన్నని ఉలులతో బొమ్మ చెక్కేవాళ్లు. తర్వాత సుద్దపొడి, తడిగుడ్డతో మెరుగు పెట్టేవాళ్లు. అడుగున బెజ్జం వేసి కర్రకు బిగించి, అతుకు కనపడకుండా వెండి పట్టీ చుట్టేవాళ్లు.

ఎముకతో చేసి దంతమని అమ్మినవాళ్లూ ఉన్నారు. ఎముకలో చిన్న చిన్న నల్ల చుక్కలు కనిపిస్తాయి. ఏనుగు దంతాన్ని అడ్డంగా కోస్తే వలలాగా ఒకదాన్నొకటి దాటే గీతలుంటాయి.

అసలు సంగతి

దంతంలో సుమారు మూడోవంతు ఏనుగు తల ఎముకలో దాగి ఉంటుంది. అది మొత్తం కావాలని వేటగాళ్లు ఏనుగునే చంపేస్తారు. ఆఫ్రికాలో 1979లో సుమారు 13 లక్షల ఏనుగులు ఉన్నాయని అంచనా. 1989 నాటికి 6 లక్షలే మిగిలాయి. మొజాంబిక్ దేశంలో గోరోంగోసా అడవి ఉంది. అక్కడ 1977 నుంచి 1992 దాకా జరిగిన యుద్ధంలో దంతం కోసం, మాంసం కోసం ఏనుగులను చంపారు. పదింట తొమ్మిది పోయాయి. అంతకు ముందు అక్కడి ఆడ ఏనుగుల్లో దంతాలు లేనివి నూటికి 18 దాకా ఉండేవి. యుద్ధం తర్వాత సగం అయ్యాయి. దంతం లేనివే బతికి పిల్లల్ని కన్నాయి మరి!

మన ఏనుగుల దంతం వ్యాపారాన్ని మన దేశం 1986లో, ఆఫ్రికా దంతం వ్యాపారాన్ని 1991లో చట్టం ద్వారా ఆపింది. దేశాల మధ్య వ్యాపారం 1990 నుంచి నిషేధం.

చెక్కినవాళ్ల పనితనం గొప్పదే, నేను కాదనను. ఆ పనితనం చెక్క మీదా చూపించవచ్చు. మా ఊళ్లో ముసలివాళ్ల చేతికర్ర వెదురుది. వెదురు నరికితే మళ్లీ పిలకలు వేస్తుంది. చచ్చిన ఏనుగు లేచి రాదు. కాబట్టి మిత్రులారా, పాత పిడిని మ్యూజియంలో చూసి మెచ్చుకుందాం, కొత్తది మాత్రం ఎవరూ కోరవద్దు.