మూత్రపిండములలో రాళ్ళు: ఎండలో పనిచేయువారు తెలిసికొనవలసిన సంగతులు

ఏ నేల ఎంత నీరు పట్టియుంచునో, ఏ పైరుకు ఎన్ని రోజులకొక తడి పెట్టవలెనో రైతు సోదరులకు ఒకరు చెప్పనక్కరలేదు. ఆకు వాడు తీరును బట్టి తడి వేళను గుర్తింపగలరు. అట్టి రైతే మే మాసపు ఎండలో ఉదయము ఆరు గంటలకు పొలమునకు పోయి, ఒంటిగంటకు ఇంటికి చేరువరకు ఒక చెంబెడు నీటితో సరిపెట్టుకొనును. పైరుకు వేసిన తడి లెక్క తన ఒంటికి వేసికొనడు. మూత్రపిండములలో రాళ్ళు పుట్టుటకు గల కారణములలో ఇది ముఖ్యమైనది.

ఈ వ్యాసము వ్రాయుచున్నది వైద్యుడు కాడు. నేల, నీరు, పైరు వీనిని గూర్చి బోధించు ఉపాధ్యాయుడు. అయినను, ఈ జబ్బును గూర్చి వైద్య పరిశోధకులు తేల్చిన సంగతులు పొలములో పనిచేయువారికి చేరవలసినంతగా చేరలేదు. అందుచే ఇచ్చట విశదముగా వ్రాయుచున్నాను.

రాయి పుట్టు విధము

ప్రక్కటెముకల క్రింద, వెన్నెముకకు ఇరువైపుల, పిడికిలియంత ప్రమాణముగల మూత్రపిండములు రెండున్నవి. వీనినే మనవారు కిడ్నీలనుచున్నారు. ఇవి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవమును రక్తమునుండి వడగట్టును. అందులో ఇంచుమించు అంతయు తిరిగి రక్తములోనికే పోవును. మిగిలిన లీటరున్నర, రెండు లీటర్లు మాత్రమే మూత్రముగా బయటకు వచ్చును. ఒంటికి అక్కరలేని కాల్షియము, ఆక్సలేటు, యూరిక్ ఆమ్లము, భాస్వరపు లవణములు ఆ కొద్ది నీటిలోనే కరగి పోవలెను.

చౌడు నేలలో వేసవియందు నీరు ఆవిరియై పోగా పైన తెల్లని ఉప్పు పేరుకొనుట మీరు చూచియున్నారు. ఇచ్చట జరుగునదియు అటువంటిదే. చెమట ఎక్కువై నీరు తక్కువైనప్పుడు మూత్రము చిక్కబడి, కరగియుండవలసిన లవణములు పలుకులు కట్టును. పలుకులన్నియు రాళ్ళు కావు, పెక్కు కొట్టుకొనిపోవును. పట్టుకొనుటకు చోటు దొరికిన పలుకే పెరుగును. కలకండ చేయువారు పాకములో దారము వ్రేలాడదీయుదురు గదా, ఆ దారము వంటి ఆధారము మూత్రపిండములోపల కూడ ఉండునని, అచ్చటి కొనలపై సున్నపు మచ్చలవలె కనబడునని అలెగ్జాండర్ రాండల్ అను అమెరికా వైద్యుడు 1937లో వివరించెను. నేడు సన్నని గొట్టపు దూరదర్శినులతో లోపలికి చూచు వైద్యులు ఆ మచ్చలను కంటితోనే చూచుచున్నారు.

రాళ్ళలో నూటికి సుమారు 80 కాల్షియముతో కూడినవి. వానిలో ఎక్కువ భాగము కాల్షియము ఆక్సలేటు. ఈ పదార్థము మీకు క్రొత్తది కాదు. చేమదుంప సరిగా ఉడకనిచో గొంతు దురద పెట్టును. దుంపలో సూదులవలె నుండు కాల్షియము ఆక్సలేటు పలుకులే ఆ దురదకు కారణము. తక్కిన రాళ్ళలో యూరిక్ ఆమ్లపు రాళ్ళు కొన్ని, మూత్రమునకు చీము పట్టుటచే, అనగా సూక్ష్మజీవుల వలన పుట్టునవి కొన్ని.

ఎంత నీరు? ఏ వేళ?

ఇటలీలో బోర్గీ అను వైద్యుడును ఆయన సహచరులును మొదటిసారి కాల్షియపు రాయి వచ్చిన 199 మందిని రెండు జట్లుగా విభజించి ఐదు సంవత్సరములు గమనించిరి. ఒక జట్టు వారికి ఎక్కువ నీరు త్రాగుమని చెప్పిరి. రెండవ జట్టు వారిని అలవాటు ప్రకారము విడిచిరి. నీరు త్రాగిన జట్టులో నూటికి 12 మందికి, రెండవ జట్టులో నూటికి 27 మందికి రాయి తిరిగి వచ్చినది. 1996లో ప్రకటించిన ఈ ఫలితము నేటికిని ఈ విషయమున పునాది వంటిది. ఖర్చు లేని మందు ఇంతకంటె మరియొకటి నాకు కనబడలేదు.

రాళ్ళు వచ్చినవారు రోజుకు రెండున్నర లీటర్లు మూత్రము పోవునంతగా నీరు త్రాగవలెనని వైద్యులు చెప్పుచున్నారు. ఎంత త్రాగితిమన్నది కాదు, ఎంత పోయినదన్నది లెక్క. నీడపట్టున కూర్చుండు వానికి మూడు లీటర్ల నీరు చాలవచ్చును. ఎండలో గట్టిపని చేయువానికి గంటకు ఒక లీటరు చెమట పోవుట వింత కాదు. అట్టివానికి మూడు లీటర్లు ఏ మూలకు? మూత్రపు రంగే కొలబద్ద. నిమ్మతొక్క రంగువలె లేతగా నున్నచో చాలును. ఆవనూనె రంగుకు తిరిగినచో తడి తప్పినదని తెలిసికొనుడు. ఒకేసారి చెంబులకొద్ది త్రాగుట కాలువ తెంచి మడి ముంచుటవంటిది. అరగంటకొకసారి గ్లాసెడు మేలు. రాత్రివేళ మూత్రము ఎక్కువగా చిక్కబడును గనుక పండుకొనుటకు ముందు ఒక గ్లాసు త్రాగుట మంచిది. గుండెజబ్బు గలవారు, మూత్రపిండములు చెడినవారు మాత్రము తమ వైద్యుడు చెప్పిన కొలత ప్రకారమే త్రాగవలెను.

ఇచ్చట ఒక మాట స్పష్టముగా చెప్పవలసియున్నది. మిరపకోతకు, ప్రత్తితీతకు వచ్చు ఆడకూలీలు అనేకులు కావలెనని నీరు త్రాగుట లేదు. పొలములో మరుగు లేదు. మధ్యాహ్నము వరకు బిగబట్టుకొందురు. నీరు త్రాగకుండుటయు, బిగబట్టుటయు రెండును చెరుపే. మొదటిదాని వలన మూత్రము చిక్కబడును. రెండవదాని వలన చీము పట్టు అవకాశము పెరుగును. పదిమందిని పనికి పిలుచు రైతు గట్టు ప్రక్కన నాలుగు కర్రలు పాతి, తడికలు కట్టించి మరుగు ఏర్పరచవలెను. నీడలో రెండు బిందెల నీరు ఉంచవలెను. పురుగుమందుపై పెట్టు ఖర్చుతో పోల్చిన ఇది లెక్కలోనికి రాదు. కూలీలకు కూలి ఇచ్చితిమి, నీరు వారే తెచ్చుకొందురని కొందరు అనుచున్నారు. అది సరియైన మాట కాదు.

పాలు మానవలెనా?

రాయిలో కాల్షియమున్నది గనుక పాలు, పెరుగు మానవలెనని అనేకులు అనుకొనుచున్నారు. పూర్వము వైద్యులు కూడ అట్లే చెప్పిరి. పరిశోధన దానిని తారుమారు చేసినది. అదే బోర్గీ బృందము మరల మరల రాళ్ళు వచ్చుచున్న 120 మంది పురుషులను తీసికొని, 60 మందికి కాల్షియము తగ్గించిన ఆహారము, 60 మందికి కాల్షియము మామూలుగా నుంచి ఉప్పును, మాంసమును తగ్గించిన ఆహారము ఐదేండ్లు ఇచ్చెను. మొదటి జట్టులో 23 మందికి, రెండవ జట్టులో 12 మందికి మాత్రమే రాళ్ళు తిరిగి వచ్చినవి. ఇది 2002లో ప్రకటింపబడినది.

దీని కారణము రైతుకు సులభముగా బోధపడును. సున్నము ఎక్కువగా నున్న నేలలో సూపరు ఫాస్ఫేటు వేసినచో భాస్వరము సున్నముతో ముడిపడి పైరుకు అందకుండ పోవును. అది పొలములో నష్టము. ప్రేగులలో అదే పని లాభము. కూరలోని ఆక్సలేటు పెరుగులోని కాల్షియముతో ప్రేగులలోనే ముడిపడి మలముతో బయటకు పోవును; రక్తములోనికి, అచ్చటినుండి మూత్రములోనికి చేరదు. పాలు మానినచో ఆక్సలేటును పట్టు నాథుడుండడు. కావున పాలకూర, తోటకూర, చుక్కకూర వంటివి తినునపుడు అదే పూట పెరుగో మజ్జిగో కలుపుకొనుట మేలు. రాళ్ళు గలవారు ఈ ఆకుకూరలను తరచుగా తినక, తినినపుడు ఎక్కువ నీటిలో ఉడికించి ఆ నీటిని వార్చివేయవలెను. టమాటా గింజలే రాయి అగునన్న మాట నమ్మదగినది కాదు. టమాటాలో ఆక్సలేటు బహు స్వల్పము. గింజ మూత్రపిండమునకు చేరు దారియే లేదు.

అసలు చూచుకొనవలసినది ఉప్పు. ఉప్పు ఎక్కువైనచో మూత్రములోనికి కాల్షియము ఎక్కువగా దిగును. రోజుకు 5 గ్రాములు, అనగా ఒక చిన్న చెమ్చాకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఆవకాయ, ఉప్పుచేప, అప్పడము, మజ్జిగలో మరల ఉప్పు: ఇవన్నియు కలిపిన మన కంచములో ఆ హద్దు దాటుట ఎంతసేపు? నిమ్మరసము మంచిది. దానిలోని సిట్రేటు మూత్రములో కాల్షియమును పట్టియుంచి పలుకు కట్టనీయదు. అందుకే వైద్యులు కొందరికి పొటాషియము సిట్రేటు మందుగా ఇత్తురు. ఎన్నో ఏండ్లుగా వాడుకలోనున్న హైడ్రోక్లోరోథయజైడు అను మాత్రను స్విట్జర్లాండులో 416 మందిపై పరీక్షింపగా, రాళ్ళు తిరిగి వచ్చుటలో చెప్పుకొనదగిన తగ్గుదల కనబడలేదని 2023లో వెల్లడైనది. పాత మందులను సైతము తిరిగి తూచి చూచుచున్నారని దీనివలన తెలియును.

బోరు నీటిలో కాచిన గిన్నెకు తెల్లని పొర కట్టును గనుక ఆ నీరే కడుపులో రాయి అగునను భయము పల్లెలలో కలదు. గిన్నెలోని పొర వేరు, మూత్రపిండములోని ఆక్సలేటు రాయి వేరు. గట్టినీటికిని రాళ్ళకును గల సంబంధము పరిశోధనలలో బలముగా తేలలేదు. ఫ్లోరైడు ఉన్న నీరు ఎముకలకు చెరుపు గనుక దానిని తప్పక విడువవలెను. కాని నీరు గట్టిదని త్రాగుటయే తగ్గించుట రాయిని పిలుచుకొనుట అగును.

కొండపిండి ఆకు, రణపాల ఆకు, అరటిదూట రసము, ఉలవకట్టు అనువానిని మన పెద్దలు వాడిరి. వీనిలో కొన్నింటిపై ప్రయోగశాలలలో పని జరుగుచున్నది. పెరిగిన రాతిని ఇవి కరగించునని రోగులపై గట్టి పరీక్షలలో ఇంకను రుజువు కాలేదు. ఉలవచారు త్రాగుటలో తప్పు లేదు. దానిని నమ్ముకొని ఆస్పత్రికి పోకుండుట తప్పు. బీరు త్రాగిన రాయి కొట్టుకొనిపోవునని చెప్పువారిది వట్టి సాకు.

నొప్పి వచ్చినపుడు

రాయి మూత్రపిండము విడిచి సన్నని నాళములోనికి దిగినపుడు నడుము ప్రక్కనుండి గజ్జల వరకు తెరలు తెరలుగా నొప్పి వచ్చును. వాంతులగును, మూత్రములో రక్తము కనబడవచ్చును. 5 మిల్లీమీటర్లకు లోపు రాళ్ళు చాలవరకు వాటంతట అవే పోవును. 10 మిల్లీమీటర్లు దాటినవి పోవుట అరుదు. నొప్పితోపాటు చలిజ్వరము వచ్చినను, మూత్రము పూర్తిగా బందైనను ఆ రాత్రికి ఆ రాత్రే పెద్ద ఆస్పత్రికి పోవలెను. అడ్డుపడిన చోట చీము చేరినచో ప్రాణాపాయము.

దీనికంటె మోసకరమైనది మరియొకటి కలదు. నొప్పి తగ్గినంత మాత్రమున రాయి పోయినట్లు కాదు. రాయి నాళములో అడ్డముగా నిలిచియే ఉండగా నొప్పి మాత్రము సద్దుమణగవచ్చును. కొన్ని వారములపాటు పూర్తిగా అడ్డుపడినచో వెనుకనున్న మూత్రపిండము ఉబ్బి చెడును. తరువాత రాతిని తీసినను పోయిన శక్తి తిరిగిరాదు. కావున కోతలు ముగియనీ అని వాయిదా వేయక, నొప్పి తగ్గినను అల్ట్రాసౌండ్ పరీక్ష చేయించుకొని రాయి పోయినదని రూఢి చేసికొనవలెను. రాయి మూత్రములో పడినచో పారవేయక వైద్యునికి చూపుడు. అది ఏ జాతిదో పరీక్షించిన పిదప, ఏమి మానవలెనో సరిగా చెప్పగలరు.

ఒకప్పుడు రాతికి కోతయే గతి. 1976లో స్వీడనులో వీపునుండి సన్నని రంధ్రము ద్వారా రాయి తీసిరి. 1980లో మ్యూనిక్ నగరమున కోత లేకుండ బయటినుండి పంపు తరంగములతో రాతిని పగులగొట్టిరి. నేడు మూత్రమార్గము ద్వారానే సన్నని గొట్టము పంపి లేసరుతో రాతిని పొడిచేయుచున్నారు. ఆ పొడిని అక్కడికక్కడే పీల్చివేయు గొట్టములపై ప్రస్తుతము పరిశోధన విరివిగా సాగుచున్నది. ప్రభుత్వ ఆరోగ్య పథకము ఏ చికిత్సకు వర్తించునో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను ముందుగానే అడుగుడు.

చికిత్స తరువాత నాళములో స్టెంటు అను మెత్తని గొట్టము ఉంచి పంపుట సర్వసాధారణము. దానిని వైద్యుడు చెప్పిన గడువులో తీయించుకొనవలెను. నాట్లు వచ్చినవనియో, డబ్బు లేదనియో ఏడాది మరచినవారున్నారు. ఆ గొట్టముమీదనే రాళ్ళు పేరుకొని మొదటి జబ్బుకంటె పెద్ద జబ్బగును. తీయవలసిన తేదీని గోడ క్యాలెండరుపై వ్రాసి యుంచుడు.

ఒళ్ళు నొప్పులకు దుకాణములో తెచ్చిన నొప్పిమాత్రలను ఎండలో పనిచేయుచు రోజూ మ్రింగుట మూత్రపిండములకు హాని. శ్రీకాకుళము జిల్లా ఉద్దాన ప్రాంతమున కొబ్బరి, జీడితోటల రైతులను పీడించుచున్న మూత్రపిండ వ్యాధి ఈ రాళ్ళ జబ్బు కాదు. దాని మూలకారణము ఇంకను తేలలేదు. పలాసలో 2023లో దానికై పరిశోధనా కేంద్రమును ఆస్పత్రిని నెలకొల్పిరి. ఆ వ్యాధి నొప్పి లేకుండ ముదురును గనుక ఆ ప్రాంతమువారు రక్తములో క్రియాటినిన్ పరీక్షను తప్పక చేయించుకొనవలెను.

పశువులలో

ఎద్దులకు, పొట్టేళ్ళకు కూడ ఈ జబ్బు వచ్చును. మగపశువు మూత్రనాళము సన్ననిదై వంపు తిరిగి యుండుటచే రాయి అచ్చట చిక్కుకొనును. చిన్నతనముననే విత్తులు కొట్టించిన పశువులలో నాళము సరిగా పెరగక బాధ మరింత ఎక్కువ. వరితవుడులో భాస్వరము మిక్కుటము, కాల్షియము స్వల్పము. తవుడే ప్రధానమైన మేతగా పెట్టు పొట్టేళ్ళలో రాళ్ళు ఎక్కువగా వచ్చును. దాణాలో కాల్షియము భాస్వరమునకు రెండింతలు ఉండునట్లు చూచి, పచ్చిమేతయు, చాలినంత నీరును ఇయ్యవలెను. పశువు మాటిమాటికి ముక్కుచు, చుక్కలు చుక్కలుగా పోయుచు, తోక ఆడించుచు, కాలితో పొట్టను తన్నుకొనుచున్నచో పశువైద్యుని ఆనాడే పిలువవలెను. రెండు మూడు రోజులు నాటుమందు పోసి చూచినచో మూత్రకోశము పగులును. అపుడు పశువు కొంత తెరపిగా కనబడును గాని అది జబ్బు తగ్గుట కాదు.