గద్వాల చీరలో అంచు కలిసే చోట

కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న నేలను ఇక్కడివాళ్లు నడిగడ్డ అంటారు. హైదరాబాద్ నుంచి కర్నూలు వెళ్లే రహదారి మీద ఎర్రవల్లి చౌరస్తా దాకా వచ్చి పక్కకు తిరిగితే గద్వాల. ఊళ్లో సంస్థానం నాటి కోట ఉంది, అందులో చెన్నకేశవస్వామి గుడి ఉంది. 2016లో ఇది జోగుళాంబ గద్వాల జిల్లాకు కేంద్రమైంది. అయినా ఊరి పేరు వినగానే తెలుగువాళ్లకు ముందు తోచేది చీరే.

ఆ చీర విప్పగానే అందరి చూపూ కొంగు మీదికి పోతుంది. నేను మాత్రం అంచు మొదలయ్యే గీతను చూడమంటాను. ఒళ్లంతా నూలు, అంచులూ కొంగూ పట్టు. రెండు రకాల దారాలు, రెండు రంగులు కలిసే ఆ గీత మీద సూది కుట్టు ఒక్కటీ ఉండదు. మగ్గం మీద మూడు నాడెలు ఆడతాయి: అటూ ఇటూ అంచులకు ఒక్కొక్కటి, నడుమ ఒంటికి మరొకటి. అంచు పేక వచ్చి ఒంటి పేకను కొక్కెంలా పట్టుకుని వెనక్కి మళ్లుతుంది. ఇదే కుప్పడం. చీర పొడవునా, రెండు వైపులా, వేసిన ప్రతి పేకకూ ఆ మెలిక పడాలి. కొంగు దగ్గరికొచ్చేసరికి నూలు పడుగు పోగులకు పట్టు పోగులను ఒక్కొక్కటిగా అతకాలి. కళ్లు గుంజే పని అది. ఇంట్లో ఇంకొకరు చెయ్యి కలపనిదే సాగదు. కూలి మాట వచ్చినప్పుడు ఆ రెండో మనిషి శ్రమ ఎవరి లెక్కలోకీ రాకపోవడం నన్ను బాధిస్తుంది.

ఏటా బ్రహ్మోత్సవాలకు ముందు తిరుమల శ్రీవారికి ఏరువాడ జోడు పంచెలు వెళ్లేదీ గద్వాల మగ్గాల నుంచే. నేసేవాళ్లు 41 రోజుల దీక్షలో ఉంటారు.

నూలూ పట్టూ కలిసిన బట్ట కాబట్టి జాగ్రత్తలూ వేరు. నీళ్లలో నానితే నూలు కుదించుకుంటుంది, పట్టు అంతగా కుదించుకోదు; అప్పుడు అంచు ముడతలు పడుతుంది. అందుకే మొదట్లో డ్రైక్లీనింగే మేలు. ఫాల్ గుడ్డను ముందే తడిపి ఆరబెట్టి కుట్టించాలి, ఈ ఒక్కటీ చాలామంది మరిచిపోతారు. గంజి అంచుకు తగలనివ్వద్దు. నాఫ్తలీన్ ఉండలు, సెంటు జరీకి పడవు. మెత్తటి నూలుగుడ్డలో చుట్టి దాచి, రెండు మూడు నెలలకోసారి మడత మార్చాలి.

కట్టేటప్పుడు కుచ్చిళ్లు వెడల్పుగా, తక్కువగా పెట్టుకుంటే పెద్దంచు నిండుగా కనిపిస్తుంది. కొంగును సన్నగా మడిచి పిన్ను పెడితే నేతగాడి పనంతా మడతల్లో పోతుంది, వదిలి వేసుకోండి. రవికె అంచు రంగులో ఉంటే చాలు.

కొనేటప్పుడు అంచు దగ్గర తిరగేసి చూడండి. ఒకే నాడెతో అంచు నుంచి అంచుకు నేసిన నకలులో ఒంటి రంగు అంచులోకీ పారి, అంచు మసకబారుతుంది. కుప్పడంలో ఏ రంగు ఆ రంగే, గీత దాకా స్వచ్ఛంగా నిలుస్తుంది. అలాంటి చీర దొరికితే దయచేసి బేరమాడకండి.