టీవీకి వినపడని ఓటు: 2024లో రాజ్యాంగం ఎన్నికల అంశం ఎలా అయింది?

2024 జూన్ 1 సాయంత్రం చివరి దశ పోలింగ్ ముగియగానే టీవీ ఛానళ్లు ఎగ్జిట్ పోల్స్ బయటపెట్టాయి. ఒక సంస్థ ఎన్డీఏకు 361 నుంచి 401 సీట్లు అంది. ఇంకో సంస్థ 400 దగ్గర పెట్టింది. జూన్ 4న లెక్క తేలేసరికి బీజేపీకి 240, ఎన్డీఏ మొత్తానికి 293 వచ్చాయి. ఉత్తరప్రదేశ్‌లో 2019లో 62 సీట్లు గెలిచిన బీజేపీ 33కి పడిపోయింది. రామమందిర ప్రాణప్రతిష్ఠ జరిగి ఐదు నెలలు కూడా కాలేదు, అయోధ్య ఉన్న ఫైజాబాద్‌లో, అదీ జనరల్ సీటులో, పాసీ కులానికి చెందిన సమాజ్‌వాదీ పార్టీ అభ్యర్థి అవధేష్ ప్రసాద్ 54,567 ఓట్ల మెజారిటీతో గెలిచారు.

ఆ రోజంతా స్టూడియోల్లో ఒకటే ప్రశ్న: ఇది ఎవరికీ ఎందుకు తెలియలేదు? ఆ ‘ఎవరికీ’ అన్న మాట దగ్గరే మనం ఆగాలి. తెలియనిది ఎవరికి? రాజ్యాంగం మారుస్తారేమో, రిజర్వేషన్లు తీసేస్తారేమో అన్న మాట రెండు నెలలుగా ఉత్తరప్రదేశ్ దళిత బస్తీల్లో నడుస్తూనే ఉంది. పార్టీలకూ అది తెలుసు. తెలియనిది మీడియాకే. అదేమీ పొరపాటున జరిగింది కాదు. న్యూస్‌రూమ్‌ను కట్టిన తీరులోనే దానికి కారణం ఉంది.

మాట ఎక్కడ పుట్టింది

బీజేపీ ఈ ఎన్నికలకు ‘చార్ సౌ పార్’ అన్న నినాదంతో వచ్చింది. నాలుగు వందలు ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు ఆ పార్టీ వాళ్లే చెప్పారు. మార్చిలో కర్ణాటక ఎంపీ అనంతకుమార్ హెగ్డే రాజ్యాంగాన్ని సవరించాలంటే 400 సీట్లు కావాలన్నారు. అది ఆయన సొంత అభిప్రాయమని పార్టీ సర్దుకుంది, తర్వాత ఆయనకు టికెట్ కూడా ఇవ్వలేదు. ఏప్రిల్‌లో ఫైజాబాద్ బీజేపీ అభ్యర్థి లల్లూ సింగ్ కూడా దాదాపు అదే మాట అన్నారు: ప్రభుత్వం ఏర్పాటుకు 272 చాలు, రాజ్యాంగాన్ని సవరించాలన్నా కొత్తది రాయాలన్నా మూడింట రెండొంతులు కావాలి. అవధేష్ ప్రసాద్ చేతిలో ఓడింది ఈయనే.

ఈ మాటల్లో లెక్క తప్పేమీ లేదు. 368వ అధికరణ ప్రకారం రాజ్యాంగ సవరణకు రెండు సభల్లోనూ మొత్తం సభ్యుల్లో సగానికి పైగా, హాజరై ఓటేసినవాళ్లలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. 543 మంది ఉన్న లోక్‌సభలో అందరూ హాజరైతే అది 362. కొన్ని అంశాలకు సగం రాష్ట్రాల శాసనసభలు కూడా ఆమోదించాలి. మౌలిక స్వరూపాన్ని ముట్టుకోకూడదని 1973లో కేశవానంద భారతి కేసులో సుప్రీంకోర్టు చెప్పనే చెప్పింది. టీవీ చర్చల్లో మేధావులు ఈ చివరి ముక్కే పట్టుకున్నారు. రాజ్యాంగాన్ని ఎవరూ మార్చలేరు, ఇదంతా ప్రతిపక్షం పుట్టించిన అపోహ అని తేల్చారు.

కానీ వాడల్లో మనుషులు భయపడింది ఒక పుస్తకం మాయమైపోతుందని కాదు. వాళ్లకు దగ్గరి అనుభవాలు ఉన్నాయి. 2018 మార్చి 20న సుప్రీంకోర్టు తీర్పు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని నీరుగార్చింది. ఏప్రిల్ 2 భారత్ బంద్ తర్వాతే పార్లమెంటు ఆ సంవత్సరం చట్టాన్ని సవరించి పాత బలాన్ని తిరిగి తెచ్చింది. 2019 జనవరిలో 103వ సవరణ వచ్చింది. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీల్లోని పేదలను పక్కనపెట్టి మిగతావాళ్లకు పది శాతం కోటా ఇచ్చే ఆ బిల్లు 8న లోక్‌సభలో, 9న రాజ్యసభలో పాసైపోయింది. 2022 నవంబరులో సుప్రీంకోర్టు 3-2 తో సరేనంది. రిజర్వేషన్ అంటే ఏమిటన్న అర్థమే రెండు రోజుల్లో మారిపోవడం కళ్లారా చూసినవాళ్లకు ‘రాజ్యాంగాన్ని ఎవరూ మార్చలేరు’ అన్న మాట ఏం ధైర్యమిస్తుంది? దీన్ని అపోహ అనడం సరికాదు. ఇది అనుభవం నుంచి వచ్చిన అంచనా. దాంతో ఏకీభవించకపోవచ్చు, వాదించవచ్చు. వాదించడానికైనా ముందు దాన్ని వార్తగా గుర్తించాలి కదా.

పార్టీలు మాత్రం గుర్తించాయి. ఏప్రిల్ 12న రాజస్థాన్‌లోని బాడ్మేర్ సభలో ప్రధాని మోదీ, అంబేద్కరే వచ్చినా ఇప్పుడు రాజ్యాంగాన్ని రద్దు చేయలేరని చెప్పాల్సి వచ్చింది. ఆ తర్వాత ప్రచారం ఇంకో మలుపు తిరిగింది. కాంగ్రెస్ వస్తే మీ రిజర్వేషన్లు తీసి ముస్లింలకు ఇస్తుందని ప్రధానే సభల్లో చెప్పసాగారు. దళితుల భయాన్ని మరో భయంతో కొట్టే ప్రయత్నం అది. టీవీ ఆ రెండో భయాన్ని వారాల తరబడి చర్చించింది. మొదటిది ఉందని మాత్రం ఒప్పుకోలేదు.

వినే చెవి ఎవరిది

1996లో వాషింగ్టన్ పోస్ట్ ఢిల్లీ ప్రతినిధి కెన్నెత్ కూపర్, ఆయన నల్లజాతి అమెరికన్, ఒక దళిత జర్నలిస్టుతో మాట్లాడాలనుకుని బి.ఎన్. ఉనియాల్ అనే సీనియర్ పాత్రికేయుడిని సాయమడిగారు. ప్రభుత్వ గుర్తింపు పొందిన 686 మంది జాబితా వెతికిన ఉనియాల్‌కు ఒక్క దళితుడూ దొరకలేదు. ఆ సంగతే ఆయన పయనీర్ పత్రికలో రాశారు. పదేళ్ల తర్వాత, 2006లో, అనిల్ చమడియా, జితేంద్ర కుమార్, యోగేంద్ర యాదవ్ ఢిల్లీలోని 37 మీడియా సంస్థల్లో నిర్ణయాలు తీసుకునే 315 మందిని లెక్కేశారు. ఒక్క దళితుడు లేడు, ఒక్క ఆదివాసీ లేడు. 2019లో ఆక్స్‌ఫామ్ ఇండియా, న్యూస్‌లాండ్రీ కలిసి చేసిన అధ్యయనంలో 121 నాయకత్వ స్థానాల్లో 106 ఆధిపత్య కులాల చేతుల్లో ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీలు సున్నా. ప్రధాన చర్చలు నడిపే యాంకర్లలో ప్రతి నలుగురిలో ముగ్గురు ఆధిపత్య కులాలవాళ్లే.

ఈ అంకెలు మన విద్యార్థి సభల్లో చాలాసార్లు విన్నవే. అయితే వీటిని ఉద్యోగాల లెక్కగా మాత్రమే చదువుతాం. ఎన్నికల వార్తల మీద వీటి ప్రభావం ఎలా పడుతుందో చూడాలి. ఏది ‘అంశం’, ఏది ‘పుకారు’ అని తేల్చేది ఉదయం ఎడిటోరియల్ మీటింగ్. ఆ గదిలో కూర్చున్నవాళ్లలో ఎవరి ఇంట్లోనూ రిజర్వేషన్ పోతుందేమో అన్న దిగులు లేనప్పుడు ఆ దిగులు అజెండాలోకి రాదు. వచ్చినా వేరే పేరుతో వస్తుంది. ఆధిపత్య కులస్తుడు ఓటేస్తే ‘అభివృద్ధికి ఓటు’ అంటారు, దళితుడు ఓటేస్తే ‘ఓటు బ్యాంకు’. వాళ్లది ‘మూడ్’, మనది ‘సమీకరణం’. దళితులు ‘సైలెంట్ ఓటర్లు’ అని ప్రతి ఎన్నికలోనూ రాస్తారు. మైకు పట్టనివాళ్లు ఎదుటివాళ్లను మౌనంగా ఉన్నారనడం నాకెప్పుడూ వింతగానే ఉంటుంది.

2007లోనూ ఇదే జరిగింది. ఆ ఏడాది ఉత్తరప్రదేశ్ అసెంబ్లీ ఎన్నికల్లో హంగ్ తప్పదని సర్వేలు చెప్పాయి. బీఎస్పీ 403లో 206 గెలిచి సొంతంగా ప్రభుత్వం ఏర్పాటు చేసింది. ఇంకా వెనక్కి వెళ్తే 1920లో అంబేద్కర్ ‘మూక్‌నాయక్’ ప్రారంభిస్తున్నప్పుడు, డబ్బు చెల్లిస్తామన్నా ప్రకటన వేయడానికి తిలక్ పత్రిక ‘కేసరి’ ఒప్పుకోలేదు.

తెలుగు రాష్ట్రాల్లో మీడియా పక్షపాతం అనగానే మనకు గుర్తొచ్చేది పార్టీ. సాక్షి ఎవరిదో, నమస్తే తెలంగాణ ఎవరిదో, ఈనాడు, ఆంధ్రజ్యోతి ఎటు మొగ్గుతాయో పల్లెలో టీ కొట్టు దగ్గర కూర్చున్న మనిషీ చెప్తాడు. ఒకరకంగా ఇది మంచిదే, పాఠకుడు జాగ్రత్తగా చదువుతాడు. కానీ రెండు పత్రికలు పక్కపక్కన పెట్టి చదివితే నిజం తెలిసిపోతుందన్న భ్రమ కూడా దీంతోనే వచ్చింది. రెండు పార్టీల వైపూ ఉన్న పత్రికల యాజమాన్యాల కులాలు చూడండి. ఒక అత్యాచార కేసు మీద ఆ రెండూ కొట్టుకుంటే అది ఏ ప్రభుత్వ హయాంలో జరిగింది, ఏ పార్టీవాడు చేశాడు అన్నదాని మీదే కొట్టుకుంటాయి. 2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో లోక్‌సభకు, అసెంబ్లీకి కలిపి పోలింగ్ జరిగింది. జగనా, చంద్రబాబా అన్న గొడవలో లోక్‌సభ ఎన్నిక ఉందన్న సంగతే మరుగున పడింది.

మరి మాట ఎలా చేరింది

మొదటి దశ పోలింగ్ ఏప్రిల్ 19న. దానికి ఐదు రోజుల ముందు ఏప్రిల్ 14, అంబేద్కర్ జయంతి. వాడవాడలా మనుషులు రాజ్యాంగం గురించి మాట్లాడుకునే రోజు ఎన్నికల మధ్యలో వచ్చి పడింది. దానికి తోడు దళిత, బహుజన యూట్యూబ్ ఛానళ్లు, వాట్సాప్ గ్రూపులు, ఉద్యోగ సంఘాలు. ప్రతిపక్ష నాయకులు సభల్లో రాజ్యాంగం ప్రతి ఎత్తి చూపించారు నిజమే, కానీ ఎత్తి చూపిస్తే అర్థమయ్యే జనం అప్పటికే ఉన్నారు. ఆ జనాన్ని తయారు చేసింది దశాబ్దాల అంబేద్కరైట్ ఉద్యమం. ఏ పార్టీ ఐటీ సెల్లూ కాదు.

ఈ దారిలో అబద్ధాలు కూడా నడిచాయి. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ రిజర్వేషన్లు ఎత్తేస్తామని అమిత్ షా అన్నట్టుగా ఒక వీడియో తిరిగింది. తెలంగాణలో ముస్లిం రిజర్వేషన్ల గురించి ఆయన మాట్లాడినదాన్ని మార్చి చేసింది అది. ఢిల్లీ పోలీసులు కేసు పెట్టారు, ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డికి కూడా నోటీసులిచ్చారు. వీడియో నకిలీదే, దాన్ని వెనకేసుకు రావాల్సిన పని మనకు లేదు. హెగ్డే, లల్లూ సింగ్ మాటలు మాత్రం నకిలీవి కావు. టీవీ ఈ నకిలీ వీడియోను చూపించి మొత్తం భయమే నకిలీదంది. నమ్మదగిన వార్త దొరకని చోట నకిలీది తొందరగా పాకుతుందన్నది వేరే చెప్పక్కర్లేదు.

ఇక ఎగ్జిట్ పోల్స్ సంగతి. బూత్ బయట నిలబడి పేరు తెలియని మనిషి ట్యాబ్ పట్టుకుని ‘ఎవరికి వేశావు’ అని అడుగుతాడు. చుట్టూ ఊరివాళ్లు ఉంటారు. ఆ ఊళ్లో ఎవరి పొలంలో కూలికి పోతారో, ఎవరి దగ్గర అప్పు ఉందో దాన్నిబట్టి జవాబు వస్తుంది. దళిత స్త్రీ అయితే ఆ ప్రశ్నకు నిలబడకుండానే వెళ్లిపోవచ్చు. ఈ జంకుకు గట్టి ఆధారమే ఉంది. బ్యాలెట్ పేపర్ల కాలంలో బూత్‌ల ఓట్లు కలిపేసి లెక్కపెట్టే వీలుండేది. ఈవీఎం వచ్చాక ఏ బూత్‌లో ఎవరికి ఎన్ని పడ్డాయో అందరికీ తెలిసిపోతోంది. ఒక బూత్ మొత్తం మాల, మాదిగ పల్లెదే అయితే ఇక రహస్య ఓటు ఏముంది? పద్నాలుగు బూత్‌ల ఓట్లు కలిపి లెక్కించే టోటలైజర్ యంత్రం వాడదామని ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించింది. 2015లో లా కమిషన్ సమర్థించింది. కేంద్రం ఒప్పుకోలేదు.

ఎవరి గెలుపు

దీన్ని దళితుల విజయం అని రాసినవాళ్లున్నారు. నేను అంత తొందరపడను. ఉత్తరప్రదేశ్‌లోని 17 ఎస్సీ రిజర్వుడ్ సీట్లలో బీజేపీ 8, సమాజ్‌వాదీ 7, కాంగ్రెస్ 1, చంద్రశేఖర్ ఆజాద్ పార్టీ 1 గెలిచాయి. నగీనాలో ఆజాద్ లక్షన్నర మెజారిటీతో గెలవడం, తమిళనాడులో తిరుమావళవన్ నాయకత్వంలోని వీసీకే పోటీ చేసిన రెండు సీట్లూ గెలవడం చిన్న విషయాలు కావు. కానీ బీఎస్పీకి దేశం మొత్తం మీద సున్నా. ఉత్తరప్రదేశ్‌లో 2019లో 19 శాతం దాటిన ఆ పార్టీ ఓట్లు 9.4 శాతానికి దిగాయి. ప్రచారం మధ్యలో, మే 7న, మాయావతి తన వారసుడిగా ప్రకటించిన ఆకాశ్ ఆనంద్‌ను తప్పించారు. రాజ్యాంగాన్ని కాపాడుకోవాలన్న కసి ఉన్న ఓటరు, తన సొంత పార్టీకి వేస్తే వృథా అవుతుందని లెక్కేసుకుని ఇతరుల నాయకత్వంలోని కూటమికి వేశాడు. ఆ లెక్క తెలివైనదే. దానికి చెల్లించిన ధర కూడా చిన్నది కాదు. 2025 ఫిబ్రవరిలో అవధేష్ ప్రసాద్ ఖాళీ చేసిన మిల్కీపూర్ అసెంబ్లీ సీటుకు ఉపఎన్నిక జరిగితే ఆయన కొడుకు బీజేపీ చేతిలో ఓడిపోయారు. ఏ కూటమికీ ఈ ఓటు జేబులో సొమ్ము కాదు.

ఫలితం మాత్రం వెంటనే కనిపించింది. 2024 ఆగస్టు 17న యూపీఎస్సీ 45 ఉన్నత పోస్టులకు రిజర్వేషన్ లేకుండా లేటరల్ ఎంట్రీ ప్రకటన ఇచ్చింది. 20వ తేదీకల్లా కేంద్రం దాన్ని వెనక్కి తీసుకోమంది, సామాజిక న్యాయాన్ని కారణంగా చూపింది. మూడు వందలు దాటిన బలం ఉన్న సభలో ఇది జరిగేదా?

ఈ ఎన్నిక మీద పనిచేయాలనుకునే విద్యార్థులకు ఒక దారి ఉంది. ఫారం 20 అని, బూత్‌వారీ ఓట్ల పట్టిక. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. మీ నియోజకవర్గంలో వాడల ఓటర్లు ఎక్కువగా ఉన్న బూత్‌లు గుర్తించి, 2019, 2024 పట్టికలు పక్కన పెట్టి చూడండి. బూత్‌ల సరిహద్దులు మధ్యలో మారి ఉండొచ్చు, అది ముందు సరిచూసుకోవాలి. ఇదే పట్టికను ఊరి పెద్దలు కూడా చూస్తారు కాబట్టి, రాసేటప్పుడు బూత్ నంబరు, ఊరి పేరు బయటపెట్టొద్దు.