మలుపు అవతల మనిషిని గోడే చూపిస్తే!

మన ఘాట్ రోడ్ల మీద మలుపుకి ముందు హారన్ మోగించమని బోర్డులుంటాయి. కెనడాలో హారన్ కొడితే ఎదుటివాణ్ణి తిట్టినట్టే లెక్క! మరి చలికాలంలో రోడ్డు పక్క మంచు గుట్టల చాటునుంచి ఓ పిల్లవాడు గబుక్కున వస్తే డ్రైవరుకి గానీ, తనంతట తాను నడిచే కారుకి గానీ ముందే తెలిసేదెలా? ఈ ప్రశ్న మీద ఇక్కడి విశ్వవిద్యాలయాల్లో మంచి పనే జరిగింది.

ఇది గోడలోంచి చూడటం కాదు, ఎదురుగా ఉన్న గోడని అద్దంలా వాడుకోవడం. గరుకు గోడ మీద పడ్డ కాంతి అన్ని దిక్కులకీ చెదిరిపోతుంది, అందుకే అందులో మన మొహం కనపడదు. అయితే చెదిరినా కాంతి వేగం మారదు కదా! గోడ మీదకి లేజర్ మెరుపు పంపితే అందులో పిసరంత మలుపు అవతలి వస్తువుని తాకి, తిరిగి గోడకొచ్చి, అక్కడినుంచి కెమెరాకి చేరుతుంది. పికోసెకనులో, అంటే సెకనులో లక్షకోట్లవ వంతులో, కాంతి 0.3 మిల్లీమీటర్లు నడుస్తుంది. ఆలస్యం కొలిస్తే దూరం తెలుస్తుంది. గోడ మీద వేలాది చోట్ల ఇలా కొలిచి, ఆ దూరాలన్నిటికీ సరిపోయే ఆకారాన్ని కంప్యూటర్ లెక్కగడుతుంది.

2012లో ఎంఐటీలో ఆండ్రియాస్ వెల్టెన్, నాసిక్‌లో పుట్టిన రమేశ్ రాస్కర్ తదితరులు దీన్ని చేసి చూపించారు. వాళ్ళు వాడిన కెమెరా చాలా ఖరీదైనది. 2014లో వాంకూవర్‌లోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం నుంచి ఫెలిక్స్ హైడే బృందం చవక సెన్సార్‌తోనే ప్రయత్నించింది. టొరంటోలో పీహెచ్‌డీ చేసిన మాథ్యూ ఓటూల్, డేవిడ్ లిండెల్, గార్డన్ వెట్జ్‌స్టైన్ 2018లో స్టాన్‌ఫర్డ్‌లో లేజర్‌నీ సెన్సార్‌నీ గోడ మీద ఒకే చుక్కకి గురిపెట్టారు. దాంతో లెక్క ఎంత తేలికైందంటే, ల్యాప్‌టాప్ మీద సెకన్లలో తేలిపోయింది. లిండెల్ తర్వాత టొరంటోకే ఆచార్యుడిగా వచ్చారు.

చిక్కల్లా కాంతి దగ్గరే. కొలతలకి మాత్రం నిమిషాల నుంచి గంట దాకా పట్టింది. పిల్లవాడు అంతసేపు ఆగడు! దాగిన వస్తువు గోడకి రెట్టింపు దూరం జరిగితే తిరిగొచ్చే కాంతి 16వ వంతుకి పడిపోతుంది. రోడ్డు సైన్లు, రోడ్డు పనివాళ్ళ జాకెట్ల మీది మెరుపు పట్టీలు మాత్రం కాంతిని వచ్చిన దారినే వెనక్కి పంపుతాయి కాబట్టి అక్కడ తగ్గేది నాలుగో వంతుకే. అంటే ఈ పద్ధతి కార్లలోకి వచ్చినా నారింజ జాకెట్ వేసుకున్న పనివాడు ముందు కనిపిస్తాడు, నల్ల కోటు వేసుకున్న పిల్లవాడు తర్వాత. ఆ పట్టీ ఒకటి పిల్లల కోటు మీద కుట్టిస్తే ఇప్పుడున్న హెడ్‌లైట్లకీ పనికొస్తుంది లెండి.