బయట వెలిగిన ప్లగ్గు లోపల ఎందుకు తడబడుతుంది?

భిలాయిలోని క్యాంప్ 2 కావచ్చు, మీ ఊరే కావచ్చు. పాత కారు మొరాయిస్తే మెకానిక్ ప్లగ్గు విప్పి, ఇంజను లోహానికి ఆనించి, సెల్ఫు కొట్టిస్తాడు. నీలి రవ్వ ఎగిరితే "ప్లగ్గు మంచిదే" అంటాడు. తీరా బిగించాక బండి ఎత్తు ఎక్కలేక దగ్గుతూనే ఉంటుంది!

మామూలు గాలిలో 1 మి.మీ. ఖాళీని దాటడానికి మూడు నాలుగు వేల వోల్టులు చాలు. సిలిండరులో గాలి, పెట్రోలు మిశ్రమం నొక్కుకుపోయి ఎన్నో రెట్లు చిక్కబడుతుంది. అక్కడ అదే ఖాళీకి పదివేల వోల్టులు కూడా దాటవచ్చు. వాయువు ఒత్తిడి, ఖాళీ ఈ రెంటి లబ్ధం మీదే కావలసిన వోల్టేజి ఆధారపడుతుందని జర్మన్ శాస్త్రవేత్త పాషెన్ 1889లో చూపాడు. ఎత్తు ఎక్కేటప్పుడు యాక్సిలరేటరు తొక్కుతాం. మిశ్రమం మరింత చొరబడుతుంది, కాయిల్ శక్తి చాలదు.

అలాగని గ్యాప్ మరీ తగ్గిస్తే రవ్వ వేడిని ఎలక్ట్రోడులే లాగేసుకుంటాయి, మంట సరిగా అంటుకోదు. పాయింట్లున్న పాత కార్లకు సుమారు 0.6 నుంచి 0.8 మి.మీ., ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఉన్న చాలా కార్లకు 1 మి.మీ. అటూ ఇటూ. సరైన అంకె మాత్రం ఆ కారు పుస్తకంలోదే. ఎలక్ట్రోడులు అరిగేకొద్దీ ఖాళీ దానంతటదే పెరుగుతుంది కనుక అప్పుడప్పుడు ఫీలర్ గేజితో కొలవాలి. సరిచేయడానికి బయటి కొక్కేన్నే వంచాలి. మధ్య కడ్డీని కదిపితే పింగాణీ పగులుతుంది.